మామ చదివిన తేనెటీగలు

ఏమ్మే, ఏం పుస్తకం అది, కథలా? చదువుకో, నేనేమీ అనను. మా మామ ఉండింటే అనేటోడు. మీ తాతకు నాయన, శేషయ్య. నువ్వు పుట్టకముందే పాయెలే. ఆళ్లగడ్డలో అంత పుస్తకాల పిచ్చి ఉండే సేద్యగాడు ఇంకోడు లేడు. శెనక్కాయలు అమ్మను నంద్యాలకు పోతే, సంచిలో పుస్తకాలు ఏసుకోని వచ్చేటోడు. మా అత్త ఉమామహేశ్వరమ్మ, "ఉప్పు తెమ్మంటే మరుస్తాడు, ఇవి మాత్రం మరవడు" అని సణుగుతాండె. అన్నీ ఉండే సంగతుల పుస్తకాలే. భూమిలో రాయి ఎట్లయితాది, మబ్బు యాడనుంచి వస్తాది, రైలు వంతెన ఎట్ల కడతారు, ఇవే. కథలు ముట్టడు. "ఉండేవే సగం తెల్దు మనకు, లేనోళ్ల బాధలు యాడ మోస్తాం" అనేటోడు. అచ్చేసినోళ్ల పేరు, వెలతో సహా చదవాల. చదివేది మాత్రం లోపల్లోపలే, పెదవి కదలదు. నాతో అయితే మాటే లేదు. అప్పట్లో అంతే కదమ్మే, మామ వస్తే కోడలు తలుపు చాటుకు పోవాల. ఏం కావాలన్నా అత్తతోనే చెప్పుకోవాల.

యాభై ఆరులో నా తొలికాన్పు. నాకు అమ్మ లేదు, కాన్పు అత్తింట్లోనే. మగపిల్లోడు. పురిట్లోనే పాయె. కంట్లో చుక్క నీళ్లు రాలా, నిద్దరా రాలా, అన్నం ముట్టలా. వచ్చినోళ్లంతా "ఏడువు మే, గట్టిగా ఏడువు, లేకుంటే పిచ్చెక్కుతాది" అంటారు. ఇంకొకామె "వయసుంది, ఇంకోడు పుడతాడులే" అనె. ఆమె గొంతు పిసకాలనిపించె. నంద్యాల డాక్టరు మందిచ్చినా కన్ను మూతపడలా. నిజంగానే మతి పోతాదేమోనని నాకే భయం పట్టె.

ఒక మధ్యాన్నం, లోపల చాప మీద గోడకు తిరిగి పండుకోనుండా. మామ వచ్చి తలుపు బయట నాపరాయి అరుగు మీద కూచ్చునె. దగ్గె. దగ్గి, బయటికి గట్టిగా చదవబట్టె! తేనెటీగల పుస్తకం. పెత్తనమంతా ఆడ ఈగలదేనంట, మగవి తిని కూచ్చుంటాయంట. ఒక ఈగ పూలు చూసొచ్చి, చిందేసి మిగతావాటికి దావ చెప్తాదంట. మా అత్త వచ్చి "ఎవరికి చదువుతాండావ్, ఎనుముకా?" అనె. "నాకే" అనె మామ. మళ్లీ చదివె. నేను ఇంటాండా. నన్ను ఏడవమనేటోళ్లు లేరు, ఓదార్చేటోళ్లు లేరు. ఈగలు వాటి పని అవి చేసుకుంటాండాయి. పానం కొంచెం కుదుటపడె.

ఒకచోట "రాణి ఈగ గుడ్లు పెట్టినాక, పిల్లలు" అని ఆగిపాయె. గబగబా ఆకులు తిప్పిన సప్పుడు. "మైనం తయారయ్యే విధము" అని మళ్లీ మొదలుపెట్టె. నాకు యాడ వచ్చిందో ధైర్యం, తలుపు ఎనకనుంచే "మామా, నడమ ఇడిసిపెడ్తివే" అంటి. ఆయనతో నోరు తెరిచింది అదే మొదలు. "ఆ చోట చెదలు తినేసినాయమ్మా" అనె.

చెదలంట! పుస్తకానికి దుమ్ము అంటనీయని మనిషి! నవ్వొచ్చిందమ్మే నాకు. నవ్వుతానే ఏడుపొచ్చె, ఆపితే ఆగలా. ఇన్నాళ్లకు ఏడుపు వచ్చింది కదా అని పానానికి ఎంత నెమ్మదిగా ఉండెనో. బయట ఆయన లేచిపోలా. నా ఏడుపు వీధిలోకి ఇనపడకుండా గొంతు పెంచి, ఆ మైనం గురించే అరిచి అరిచి చదువుతానే ఉండె. అట్లనే నిద్దరపోతి. లేచేసరికి దీపాలు పెడతాండ్రి. అత్తను అన్నం అడిగితి.