బ్యాటరీ పోలేదు

నా పేరు, ఇంటి చిరునామా ఈ కాగితం పై గడుల్లో రాసి ఉన్నాయి. వీధిలో ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవరు, స్క్రూలమ్మ అంటారు. వయస్సు నలభై మూడు. ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేసే కొట్టు పదకొండేళ్లుగా ఒక్కదాన్నే నడుపుతున్నాను. ఇదే కేసులో నిన్న, బుధవారం పదిహేనో తేదీ ఉదయం పదకొండింటికి కానిస్టేబుల్ గారు మా కొట్టుకు వచ్చి నేను చెప్పింది రాసుకుని వెళ్లారు. అందులో అబద్ధాలు ఉన్నాయి. వాటిని సరిచేసుకోవడానికి ఈ రోజు గురువారం ఉదయం తొమ్మిదీ పదికి నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను. నన్ను ఎవరూ పిలిపించలేదు.

జరిగింది మొదటి నుంచి చెబుతున్నాను.

మంగళవారం పద్నాలుగో తేదీ ఉదయం పదీ ఇరవైకి లాండ్రీలో ఇస్త్రీ చేసే అతను నా కొట్టుకు వచ్చాడు. లాండ్రీ మా వీధి చివర ఉంది. అతని ముఖం తెలుసు గానీ ఎప్పుడూ మాట్లాడుకున్నది లేదు. ఒక ట్యాబ్, దాని తీగ, చార్జరు మూడూ తువ్వాలులో చుట్టి తెచ్చాడు. సమయం ఇంత కచ్చితంగా ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, ఆ సాయంత్రం ఐదింటికల్లా ఒక స్కూలుకు ముప్ఫై ఆరు ట్యాబ్‌లు బాగుచేసి అప్పగించాలి. అప్పటికి ఇరవై రెండే అయ్యాయి. ఎవరు గుమ్మంలో నిలబడినా ముందు గోడ గడియారం వైపే చూస్తున్నాను.

"మేడం, ఇది చార్జింగ్ ఎక్కట్లేదు. పొద్దున్న ఎనిమిదిన్నర దాకా బాగానే ఉంది, తొమ్మిది కాకముందే ఆగిపోయింది. కొంచెం చూడండి," అన్నాడు.

"అక్కడ పెట్టి వెళ్లండి," అన్నాను.

"పెట్టి వెళ్లడానికి లేదండీ. మా అక్క మాట్లాడేది దీంతోనే."

ఎవరితోనో వీడియోలో మాట్లాడటం అనుకున్నాను. అప్పుడతను వివరంగా చెప్పాడు. వాళ్ల అక్కకు కండరాలు చచ్చుబడే జబ్బు. ఆరేళ్ల నుంచి మంచం మీదే. నోట మాట పోయి రెండేళ్లయింది. ఒంట్లో కదిలేది కుడిచేతి బొటనవేలు ఒక్కటే. ఆ వేలితో తెర మీద అక్షరాలు నొక్కితే ట్యాబ్ వాటిని పైకి చదువుతుంది. మూలన ఎర్ర గుర్తు నొక్కితే అతని ఫోన్ మోగుతుంది. గొంతులో కఫం అడ్డుపడినప్పుడల్లా ఆమె అది నొక్కుతుంది, అతను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఇంటికి పరుగెత్తుతాడు. లాండ్రీ నుంచి ఇల్లు నాలుగు నిమిషాలు.

"ఇవాళ్టికి వేలికి చిన్న గంట కట్టి వచ్చా. పై వాటా ఆవిడకి చెప్పా, వినపడితే ఫోన్ చేయమని. ఆవిడేమో టీవీ పెట్టుకుంటుంది. ఆ మోతలో ఈ గంటేం వినపడుతుంది చెప్పండి," అన్నాడు.

ఇదంతా నేను విన్నాను. వినలేదని చెప్పను. స్కూలు ట్యాబ్ వెనక మూత విప్పుతూ విన్నాను.

తర్వాత అతని ట్యాబ్ చేతిలోకి తీసుకున్నాను. కవరు జిగటగా ఉంది. అది చొంగ అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం చిరాకు పుట్టి రెండు వేళ్లతో పట్టుకున్నాను. నా టేబుల్ మీదున్న చార్జర్ తీగ గుచ్చాను. తెర వెలగలేదు. తీగ చివర పూర్తిగా లోపలికి దిగలేదు. దిగితే టక్‌మంటుంది. టక్‌మనలేదు. ఆ సంగతి నా వేలికి తెలిసింది. రోజుకు యాభై సార్లు చేసే పని, తెలియకుండా ఎలా ఉంటుంది? తీగ దిగలేదంటే కన్నంలో ఏదో ఉందని అర్థం. ఇలాంటివి వచ్చినప్పుడు నేను ముందు కన్నంలో లైటు వేసి చూస్తాను, పుల్లతో శుభ్రం చేస్తాను. ఆ తర్వాత తీగ మార్చి, చార్జరు మార్చి, అప్పటికీ ప్రాణం రాకపోతే అరగంట చార్జింగ్‌లో వదిలేసి బటన్ నొక్కిపట్టి చూస్తాను. ఇవన్నీ అయ్యాకే మూత విప్పుతాను. బ్యాటరీ మాట అన్నిటికన్నా చివర వస్తుంది. ఆ రోజు మొదటి పని కూడా చేయలేదు. తీగ లాగేసి, "బ్యాటరీ పోయింది," అన్నాను.

"బ్యాటరీనా? పొద్దున్న దాకా..."

"బ్యాటరీలు చెప్పి పోవు బాబూ. పార్టు తెప్పించాలి. గురువారం రండి."

"ఇవాళే ఏమైనా..."

"గురువారం అన్నాను కదా."

చీటీ రాసి ఇచ్చాను. 'బ్యాటరీ పోయింది, పార్టు రావాలి, గురువారం' అన్నది నా చేతిరాతే. అతను అది చదివి, మడిచి జేబులో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు.

"పాతదేదైనా ఉంటే రెండు రోజులకి ఇస్తారా మేడం? గీతలు పడ్డదైనా పర్లేదు. అక్షరాలు కనపడితే చాలు."

నా టేబుల్ మీద ముప్ఫై ఆరు ట్యాబ్‌లు ఉన్నాయి. లేవన్నాను. అతను వాటి వైపు చూశాడు, నా వైపు చూడలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా ఆరేడు నిమిషాలు అయి ఉంటుంది. కన్నంలో పుల్ల పెట్టి తీయడానికి రెండు నిమిషాలు చాలు.

ట్యాబ్‌ను సొరుగులో పడేసి నా పనిలో పడ్డాను. మధ్యాహ్నం తిండి తినలేదు. నాలుగూ నలభైకి మా కొట్టు ముందు నుంచి అంబులెన్స్ వెళ్లింది. సైరన్ మోగలేదు. నెమ్మదిగా పోతోందే అనుకున్నాను, అంతే. ఐదింటికి స్కూలు వాళ్లు వచ్చి ట్యాబ్‌లు తీసుకుపోయారు. ఐదూ నలభైకి పక్క కొట్టు కళ్లజోళ్లాయన వచ్చాడు.

"విన్నావా స్క్రూలమ్మా, ఇస్త్రీ అతని అక్క పోయిందట. కఫం అడ్డుపడి ఊపిరాడలేదట. రెండింటికి వచ్చి పాలు పట్టి వెళ్లాడట, నాలుగింటికి వచ్చి చూస్తే ఏముంది, ఒళ్లు చల్లబడిపోయింది. పిల్లికి కట్టినట్టు వేలికి గంట కట్టి ఉందట పాపం."

ఆయన వెళ్లాక కొట్టు షట్టరు సగం దించాను. ఆరూ ఐదుకి సొరుగులోంచి ట్యాబ్ తీసి కన్నంలో లైటు వేశాను. బూడిదరంగు నూగు అట్టకట్టి ఉంది. దుప్పటి నూగు. పగలూ రాత్రీ దుప్పటి మీదే ఉండే వస్తువు కదా. పళ్లు కుట్టుకునే చెక్క పుల్లతో మెల్లగా లాగాను. మూడు ఉండలు వచ్చాయి. తీగ గుచ్చాను. టక్‌మంది. కాసేపటికి తెర మీద చార్జింగ్ గుర్తు వచ్చింది. గడియారం చూశాను, ఆరూ ఎనిమిది. గుర్తు రావడానికి ఒక నిమిషం తీసేస్తే పుల్లతో పట్టింది రెండు నిమిషాలే. బ్యాటరీ పోలేదు. బ్యాటరీకి ఏమీ కాలేదు.

ఆరూ ఇరవైకి బటన్ నొక్కితే తెరుచుకుంది. ఆమె వాడే ప్రోగ్రాం రాసినవన్నీ తేదీ, సమయంతో దాచుకుంటుంది. అన్నిటికన్నా పైన సగం రాసిన వాక్యం ఉంది. దాన్ని పైకి చదివించే బటన్ ఆమె ఇంకా నొక్కలేదు. సమయం మంగళవారం ఉదయం ఎనిమిదీ యాభై రెండు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను: 'తీగ తప్పు కాదు. కన్నంలో దుప్పటి నూగు ఉంది. పుల్లతో తీయమని చె'. అక్కడితో ఆగిపోయింది.

అది ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. నేను లైటు వేసి చూడనిదాన్ని మెడ తిప్పలేని మనిషి మంచంలో పడుకుని కనిపెట్టింది.

ఇక నిన్నటి సంగతి. కానిస్టేబుల్ గారు నా చీటీ పట్టుకుని వచ్చి, "ఇది నువ్వే రాశావా? లోపల చూసే రాశావా?" అని అడిగారు. విప్పి చూసే రాశానన్నాను. అది అబద్ధం. "ఎన్నాళ్ల నుంచి పాడై ఉంటుంది?" అన్నారు. బ్యాటరీ ఉబ్బిపోయింది, కనీసం నెల నుంచి పనిచేసి ఉండదన్నాను. అది ఇంకో అబద్ధం. అంతగా పాడైతే ఆ పూట నేను చేయగలిగింది ఏమీ లేదని అందరూ అనుకుంటారని అలా అన్నాను. అతనికి ఏమవుతుందో ఆలోచించలేదు. ట్యాబ్ ఇమ్మంటే, విప్పి ఉంది, రేపు బిగించి ఇస్తానన్నాను. అదీ అబద్ధమే. ఆ మాట అంటున్నప్పుడు ట్యాబ్ నా మోకాలి పక్కన సొరుగులో నూరు శాతం చార్జింగ్‌తో ఉంది.

నిన్న సాయంత్రం నాలుగింటికి అతన్ని ఇంటి నుంచి స్టేషన్‌కు తీసుకువెళ్లారని కళ్లజోళ్లాయనే వచ్చి చెప్పాడు.

"నెల నుంచి పాడైపోయి ఉన్నదాన్ని సరిగ్గా ఆ రోజే ఎందుకు తెచ్చాడంటావు? పైగా పై వాటా ఆవిడ చెప్పిందట, రోజూ నీ నోరు మూయిస్తా, నీ నోరు మూయిస్తా అని అరిచేవాడట. విసిగిపోయి ఉంటాడులే. ఎవరికైనా ఎన్నాళ్లని ఉంటుంది ఓపిక?"

నెల అన్న మాట నాది. పొద్దున్న నా నోట్లోంచి వెళ్లి, సాయంత్రానికి వీధంతా తిరిగి నా కొట్టుకే వచ్చింది.

ఆయన పోయాక ట్యాబ్‌లో పాత వాక్యాలు తెరిచాను. ఒకరి మాటలు చూడటం తప్పే. చూశాను. ఈ నెలలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. రోజుకు ముప్ఫై, నలభై ఉన్నాయి. చాలావరకు దిండు, నీళ్లు, ఫ్యాను తగ్గించు, ఇవే. మధ్య మధ్య వేరేవి ఉన్నాయి. 'చొక్కా ఎడమ చంక కింద కుట్టు విడింది, అలాగే వెళ్లకు'. ఆమె జబ్బు పడకముందు బట్టల ఫ్యాక్టరీలో కుట్లు తనిఖీ చేసేదని ఈ రోజు ఇక్కడ విన్నాను. పదో తేదీ సాయంత్రం ఏడింటికి ఇలా ఉంది: 'మూయించు చూద్దాం. ఆపే బటన్ ఎక్కడుందో కూడా తెలీదు నీకు'. దాని తర్వాత, 'నవ్వింది చాలు, పాలు పొంగుతున్నాయి'. అతను ఏమన్నాడో అందులో ఉండదు, ఆమెవే ఉంటాయి. ఆమెవి చదివినా అది ఎలాంటి పోట్లాటో తెలుస్తుంది. సోమవారం సాయంత్రం ఆరూ పదికి, 'రేపు సెలవు అడుగు. నాకోసం కాదు. అద్దంలో నీ కళ్లు చూసుకో' అని ఉంది. మంగళవారం అతను సెలవు పెట్టలేదు.

ఈ రోజు నేను వచ్చేసరికి అతను గోడ పక్క బెంచీ మీద ఉన్నాడు. చొక్కా మంగళవారంనాటిదే. ట్యాబ్‌ను అధికారి గారి టేబుల్ మీద పెట్టి ఇప్పటిదాకా చెప్పినదంతా చెప్పాను. ఆయన తేదీలు, సమయాలు చూసుకుని, అతన్ని పిలిచి నా ఎదురుగా కూర్చోబెట్టారు. సగం వాక్యం అతనికి చూపించారు.

అతను దాన్ని చదివాడు. "నేను వేడినీళ్లు పెట్టడానికి వెళ్లా సార్," అన్నాడు. "అక్క ఏదో నొక్కుతోంది. ఆవిడ ఒక మాట నొక్కాలంటే ఎంతసేపు పడుతుందో తెలుసు కాబట్టి ఈలోగా వచ్చేద్దామని వెళ్లా. వచ్చేసరికి తెర నల్లగా అయిపోయింది. కళ్లతో దాన్నే చూపిస్తోంది. తీగ వైపు, నా వైపు, మళ్లీ తీగ వైపు. తీగ మార్చమంటోంది అనుకున్నా."

తర్వాత నా వైపు తిరిగాడు. "పుల్లతోనే వచ్చిందా?"

"పుల్లతోనే."

"ఎంతసేపు పట్టింది?"

అది చెప్పనక్కర్లేదని అధికారి గారు నాతో అన్నారు. రెండు నిమిషాలని చెప్పాను. ఆ మాట ఈ కాగితంలో కూడా రాయమని నేనే అడిగాను.

తిడతాడని తల వంచుకుని కూర్చున్నాను. తిట్టలేదు. "నేను ఊదాను మేడం," అన్నాడు. "మీ దగ్గరికి తెచ్చే ముందు రెండుసార్లు గట్టిగా ఊదాను. ఇంకోసారి ఊది ఉంటే వచ్చేదా?"

"రాదు. అట్టకట్టింది. ఎన్నిసార్లు ఊదినా రాదు," అన్నాను. అది నిజం. పనిమీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఊదితే వచ్చే రకం కాదు. అతని తప్పు ఇందులో ఏమీ లేదు. చేయాల్సిన చోటికే తెచ్చాడు, చేయాల్సిన మనిషి చేతికే ఇచ్చాడు.

అతన్ని ఇంటికి పంపిస్తామని, ట్యాబ్ మాత్రం కొన్నాళ్లు ఇక్కడే ఉండాలని అధికారి గారు చెప్పారు. నేను చదివినవి, పలికేవి ఒకటేనో కాదో చూసుకోవడానికి ఆ వాక్యాలు వరసగా వినిపించమన్నారు. నేను నొక్కాను. ఆడగొంతు, మిషన్ గొంతు. దిండు అంది. నీళ్లు అంది. చొక్కా కుట్టు విడింది, అలాగే వెళ్లకు అంది. గదిలో రాసుకుంటున్నవాళ్లు రాయడం ఆపారు. నాలుగోది మొదలవగానే అతను టేబుల్ మీదికి చెయ్యి చాపి తెర మీద అరచెయ్యి పెట్టాడు.

"ఆపేయండి మేడం," అన్నాడు. "చార్జింగ్ అయిపోతుంది."

ఇది నేను చెప్పగా రాసినది. నాకు మొత్తం చదివి వినిపించారు, రెండుచోట్ల సమయం తప్పు పడితే దిద్దించాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశపెట్టలేదు. నిన్నటి కాగితం మీద నేను చెప్పినట్టుగా ఉన్నది అబద్ధం, ఇందులో ఉన్నది నిజం. దీనివల్ల నాకు ఏమైనా శిక్ష ఉంటే ఒప్పుకుంటాను.

సంతకం
(స్క్రూలమ్మ అని పిలవబడే, ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేసే మనిషి)
గురువారం, పదహారో తేదీ, ఉదయం పదకొండూ నలభై