కొత్త పీక్

దసరా మర్నాడు పటాన్‌చెరులోని ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ ముందు మేనేజరూ సైంటిస్టూ నిలబడి, తెర మీద గ్రాఫ్‌లో కొత్తగా లేచిన శిఖరాన్ని చూస్తున్నారు.

“ఏంది మేడమ్ గిది? మందుల గీ కొత్త పీక్ ఏడికెళ్లి వచ్చింది? బ్యాచ్ మొత్తం పారబోయాల్నా?”

“అక్కర్లేదు సార్. మందు వెయ్యకుండా, దాన్ని కరిగించే సాల్వెంట్ ఒక్కటే నడిపినా అదే పీక్ వస్తోంది.”

“అయితే మెషిన్ ఖరాబైంది.”

“పాతికేళ్లుగా దీని మాట వింటున్నాను, ఇది అబద్ధం చెప్పదు. బరువు మూడు వందల అరవై తొమ్మిది దగ్గర పెద్ద పీక్, ముప్పై ముప్పై తగ్గుతూ ఇంకో రెండు. ఈ మూడూ కలిసి వచ్చేది పసుపులోనే.”

“ల్యాబ్‌ల పసుపేంది?”

“నిన్న ఆయుధపూజలో సాల్వెంట్ సీసా మూతకి కూడా ఎవరో పసుపు బొట్టు పెట్టారు. మూత తీసినప్పుడు లోపల పడింది. సీసా మార్చాను, పీక్ పోయింది. బ్యాచ్ శుభ్రంగా ఉంది.”

“ఎవడు పెట్టిండు? ఇప్పుడే మెమో ఇస్త.”

“వదిలెయ్యండి సార్.”

“గట్లెట్ల ఇడిశిపెడ్త? పేరు చెప్పుండ్రి.”

“నిన్న పళ్లెం పట్టుకుని అన్నిటికీ బొట్లు పెట్టింది మీరే కదా సార్. మీ గోళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి.”