తోమిన పెనం

రాజమండ్రి స్టీలు సామాన్ల కొట్లో నాన్‌స్టిక్ పెనాలు అమావాస్య చందమామల్లా వేలాడుతున్నాయి. రెండో పెళ్ళయి రెండు నెలలైన ఆయన, కొత్త భార్య పక్కన, కలలో ఉన్నట్టు తలెత్తి వాటినే చూస్తున్నాడు.

“మీరే ఎంచండి. నేను తెచ్చుకున్న పెనాన్ని పీచు పెట్టి తోమేసింది మీరే కదా!”

“నల్లగా ఉంటే మాడిందనుకున్నాను. నువ్వు నిద్ర లేచేలోగా వెండిలా మెరిపిద్దామని చింతపండు కూడా పట్టించాను.”

“మెరిసిందండీ. దోసె మాత్రం పెనాన్ని వదిలి రానంది.”

“అంటదని తెచ్చావు, అంటుకుపోయింది. ఎవరికీ అంటనివాణ్ణని ఊరంతా అన్నారు, నేనూ నీకు అంటుకుపోలేదూ?”

“మీ మాటలూ నాన్‌స్టిక్కే, ఒక్కటీ నిలవదు. నిజం చెప్పండి. మన వంటింటి గోడకున్న ఇనప పెనం మీ మొదటావిడది. దాని పక్కన నా పెనం ఉండటం నచ్చకే తోమేశారా?”

ఆయన హాస్యం ఎగిరిపోయి పైన ఆ పెనాల మధ్యెక్కడో చిక్కుకుంది.

“కాదే. పదిహేనేళ్ళు ఆవిడ దోసెలు తిన్నాను. ఆవిడకి ఆ పెనం నేను ఒక్కపూటా తోమి పెట్టలేదు. ఈసారైనా మొదటి నుంచీ తోముదామనుకున్నాను.”

కొత్త భార్య ఆయన చేతుల వంక చాలాసేపు చూసింది. తర్వాత కొట్టాయన వైపు తిరిగింది.

“ఆ పెద్ద పెనం దించండి. ఒక మెత్తటి స్పాంజి కూడా ఇవ్వండి.”

“స్పాంజెందుకు?”

“రేపు పొద్దున్న కూడా మీరే తోముతారుగా.”