గడ్డ చుట్టూ కండ

దీవిలోని అపియా పట్నం ఆసుపత్రి వరండాలో బల్ల మీద ముసలి దంపతులు కూర్చున్నారు. రేపటి ఆపరేషన్ కాగితం మీద ఆవిడ ఇంకా సంతకం పెట్టలేదు. ఊరి సభలో ముప్ఫై ఏళ్లు పెద్దగా కూర్చున్న ముసలాయనకు ఈ పూట కూర్చోవడమే భారంగా ఉంది.

“నా రొమ్ములో గడ్డ కోకో గింజంతేగా. చుట్టూ కండ కూడా ఎందుకు కోయడం? అదేం తప్పు చేసింది?”

“డాక్టరమ్మ చెప్పిందిగా. ఆ కండే దానికి నెత్తురు అందించి, పాకడానికి దారి చేస్తోందట.”

“నీ మాట ఎట్లా నమ్మేదయ్యా? సొరచేపను మీసం పట్టుకుని ఒడ్డుకు లాగానన్నవాడివి.”

“లాగాను. అది సరే, ఆమధ్య మన ఊళ్లో ఒక కుర్రాడు పందిని దొంగిలిస్తే సభలో ఇంటిల్లిపాదికీ ఎందుకు జరిమానా వేశామే?”

“తిండి పెట్టి దాచింది వాళ్లేగా.”

అన్నాక ఆవిడ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది.

“అంటే, ఏదైనా చుట్టూ ఉన్నవాళ్లని బట్టే పెరుగుతుందంటావు.”

“అంతేనే.”

“నా చుట్టూ ఉన్నది నువ్వే. రేపు మత్తెక్కేదాకా పక్కనే ఉండు. ఆ సొరచేపకు గడ్డం కూడా పెట్టి చెప్పు.”

“చెప్తాలే.”

“అయితే వంగు. నీ వీపు మీద పెట్టి సంతకం చేస్తా.”