పరగడుపున

పశువుల ఆసుపత్రి. ఆపరేషన్ గది తలుపు దగ్గర డాక్టరు, ఆయన తల్లి. ఆమె చేతుల్లో చిన్న కుక్క, బుడంకాయ.

“అమ్మా, మళ్లీ అడుగుతున్నా. రాత్రి తర్వాత బుడంకాయకి ఏమైనా పెట్టావా?”

“లేదన్నాగా. ఎన్నిసార్లు అడుగుతావురా, పోలీసువాడిలా?”

“అందరినీ అడుగుతాను.”

“నేనూ అందరిలో ఒకదాన్నేనా?”

“ఇక్కడ అంతే. ఇలా ఇవ్వు, బల్ల మీద పడుకోబెడతా.”

“ఉండరా. నన్నెలా పట్టుకుందో చూడు.”

“పట్టుకున్నది నువ్వు.”

“పట్టుకోనూ మరి? రెండున్నర కిలోల ప్రాణం. పొట్ట కింద గడ్డ తీస్తానని, గొంతులో గొట్టం దింపుతానంటివి.”

“దాన్ని కాపాడేది ఆ గొట్టమేనమ్మా. దీని ఊపిరి గొట్టం నీ చిటికెన వేలంత కూడా లేదు. మత్తెక్కాక గొట్టం దిగేదాకా ఓ నిమిషం ఉంటుంది చూడు, అప్పుడే నాకు భయం.”

“నీకూ భయమేనా?”

“ఎన్ని వందలు చేసినా భయమే. మత్తులో మింగడం ఉండదు, దగ్గడం ఉండదు. కడుపులో ఉన్నది పైకి తన్నుకొస్తే తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక అంతే.”

“అంతే అంటే?”

“అంతే అంటే అంతే. ఇటివ్వు, ఆలస్యమవుతోంది.”

“ఆగు... ఆగరా! సూది వెయ్యకు!”

“ఏం?”

“పొద్దున... కొంచెం. ఉడికించిన గుడ్డు.”

“కొంచెమంటే ఎంత?”

“సగం... కాదు, గుడ్డంతా. కాళ్ల దగ్గర చేరి మొహంలోకి చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. పరగడుపున కత్తి కింద పడుకోబెట్టడానికి మనసెలా ఒప్పుతుందిరా?”

“అమ్మా! ఇందాకటి నుంచీ లేదు, లేదని... ఇంకో నిమిషమైతే నా చేతులతో నేనే చంపేసేవాణ్ని!”

“అరవకురా. చెప్పేశానుగా.”

“...సరే, సరే. ఏడవకు. ఇవాళ్టికి ఆపేస్తున్నా. రేపు చేద్దాం. దీనికేం కాలేదు, చూడు, తోకాడిస్తోంది.”

“మనుషులకీ అంతేనా?”

“ఏది?”

“తిని పడుకుంటే... మత్తులో.”

“ఎవరికైనా అంతే.”

“రెండేళ్ల పిల్లాడికీ?”

“పిల్లలకైతే మరీను. ఎందుకు?”

“పాలు... పాలు కూడా పైకొస్తాయా?”

“వస్తాయి. అమ్మా, ఏంటలా అయిపోయావ్? కూర్చో. ఎవరి సంగతి?”

“మీ అన్నది. నువ్వు పుట్టకముందు ఆపరేషన్ బల్ల మీదే పోయాడే, వాడిది. గుండె బలహీనమన్నారు, ఇన్నేళ్లూ అదే నమ్మాను. ఆ పొద్దున ఆకలికి ఏడుస్తుంటే చూడలేక, నర్సు కళ్లుగప్పి గ్లాసెడు పాలు నేనే పట్టానురా.”