మెట్టు ఫైలు

ఏమిటీ, ఏమన్నావు? మళ్ళీ చదువు. "ద వర్క్ ఈజ్ టు బి డన్." ఆఁ, బానే ఉంది. తెలుగులో ఏమనాలా? "పని చేయబడవలసి ఉన్నది." నవ్వకు, నవ్వకు. మీ అమ్మ వంటగదిలోంచి "గిన్నెలు తోమబడవలెను" అంటే నువ్వు లేస్తావా? "ఒసేయ్, లేచి గిన్నెలు తోము" అంటుంది, తోముతావు, లేకపోతే చీవాట్లు తింటావు. ఇంట్లో మాట అంతే. ఆఫీసులో అలా కాదు తల్లీ. ముప్ఫయ్యేళ్ళు నేను ఆ "బడవలెను" తిని బతికాను. నాకది నేర్పింది చిత్తుల మాస్టారు. నీకెప్పుడూ చెప్పలేదూ ఆయన గురించి? మీ నాన్నకి కూడా చెప్పినట్టు లేదు. ఎవరికీ చెప్పలేదులే.

బడి మాస్టారేం కాదు. మా ఆఫీసులో ఉత్తరాలకి చిత్తుప్రతులు రాసే పెద్ద గుమాస్తా. అందుకని ఆ పేరు. సన్నగా ఉండేవాడు, ఎండాకాలంలో కూడా మెడ దాకా గుండీలు. కుర్చీలో తువ్వాలు నాలుగు మడతలు వేసుకుని కూర్చునేవాడు, ఎందుకంటే దాని మేకు ఒకటి పైకి లేచింది. ఆ మేకు కొట్టించమని కాగితం పెట్టాడట, నేను చేరక ముందే. సుత్తి ఉంటే రెండు దెబ్బల పని. కానీ సుత్తి మా సెక్షను వస్తువు కాదు కదా, మరి. నేను చేరిన కొత్తలో ఒక ఉత్తరంలో "మేము పంపుతాము" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేశాడు. "ఏమయ్యా, మేమంటే ఎవరు? నువ్వా, నేనా? రేపు పంపకపోతే ఎవరి పీక పట్టుకోవాలి వాళ్ళు? పంపబడును అని రాయి. ఎవరి పీకా దొరకదు" అన్నాడు. ఇంగ్లీషులో అయితే ఇంకా సోకు. "షల్ బి డన్ అని వచ్చిందా, ఈ ఏడు చెయ్యరు. ఈజ్ టు బి డన్ అంటే వచ్చే ఏడు కూడా చెయ్యరు. విల్ హావ్ టు బి డన్ అన్నారనుకో, చెయ్యక తప్పదని వాళ్ళకీ తెలుసు, అయినా చెయ్యరు" అనేవాడు, మొహంలో నవ్వు లేకుండా. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఊఁ. నవ్వేవాళ్ళం.

ఏం చెబుతున్నాను? ఆఁ, మెట్టు. మా రికార్డు గది మేడ మీద. పైకి ఇనప మెట్లు, ఇరుగ్గా, గోడ వారగా. పై నుంచి మూడో మెట్టు తుప్పు పట్టి ఒక పక్క ఊడింది. ఆ గది చూసే ఆవిడ కాస్త బొద్దు మనిషి, చంకలో ఫైళ్ళ కట్టతో రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగాలి. ఏటా వచ్చి మాస్టారి బల్ల ముందు నిలబడేది. "అన్నయ్యగారూ, నా మెట్టు ఏమైందండీ?" ఆయన కాగితం రాసేవాడు, అది మరమ్మతుల సెక్షనుకి వెళ్ళేది. వాళ్ళ నుంచి "మెట్టు బాగుచేయబడును" అని జవాబు. ఇక్కడే ఉంది చూడు మా ఆఫీసు గొప్ప. అలా జవాబు వచ్చిందంటే పని అయిపోయినట్టే లెక్క. ఫైలు మూసేసేవాళ్ళం. మెట్టు దగ్గరికి వెళ్ళి చూసిన వాడు లేడు. మళ్ళీ ఏడాది ఆవిడ వచ్చేది, మళ్ళీ ఫైలు తెరిచేవాళ్ళం. ఏడేళ్ళు, అమ్మడూ. ఫైలు ఇంత లావయింది.

ఏడో ఏడు ఆ కాగితాలు నేనే చూస్తున్నాను. సంతకం మాత్రం ఆయనది, రెండక్షరాల పొట్టి సంతకం. అది పెట్టడం నాకూ నేర్పాడు, పని ఎక్కువై. ఆవిడ నా దగ్గరికొచ్చి, "బాబూ, ఈసారి ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో అడిగి రాయి నాయనా, దిగేటప్పుడు గుండె గుబగుబలాడుతోంది" అంది. "రాశానండీ, మీరు నిశ్చింతగా వెళ్ళండి" అన్నాను. ఏం రాయలేదు. పాత చిత్తు తీసి తేదీ మార్చాను. పాత జవాబే వచ్చింది. మాస్టారి సంతకం గిలికి ఫైలు మూసేశాను. పదకొండో రోజున ఆవిడ ఆ మెట్టు మీంచి పడింది. తుంటి విరిగింది. ఆవిడ మళ్ళీ నడవలేదమ్మా, కర్ర పట్టుకుని కూడా.

విచారణకి పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఫైలంతా తిరగేశాడు, ఎవడూ దొరకలేదు. చేయబడును, చూడబడును, తెలుపబడును. మనిషన్నవాడు లేడు అందులో. చివరికి ఫైలు మూస్తూ రాసిన ముక్క కింద ఆ రెండక్షరాలు కనబడ్డాయి. "ఇదెవరిది?" అన్నాడు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. తన చేతిరాత తనకి తెలియదూ? నా మొహం వంక కూడా చూడలేదు. "నాదేనండీ. నేనే మూశాను. నేను వెళ్ళి మెట్టు చూసి ఉండాల్సింది, చూడలేదు" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన నోట ఆఫీసు పని మీద "నేను" అన్న మాట విన్నాను. నేను గోడ పక్కన నిలబడే ఉన్నాను. నోరు తెరవలేదు. నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది, మీ బామ్మ... సరే, అదంతా ఎందుకు, భయం వేసింది, అంతే. ఆయన్ని ఇంటికి పంపేశారు, రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు. ఆ కుర్చీ నాకిచ్చారు.

ఆర్నెల్లకి ధైర్యం చేసి వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. చెప్పేద్దామనే వెళ్ళాను, అంతా. ఆయన కోపంగా కూడా లేడు. "కూర్చోవయ్యా" అన్నాడు. కాయలు ఒలుస్తూనే, "ఆ మెట్టు వేశారా?" అని అడిగాడు. "వేస్తారండీ" అన్నాను. ఒలవడం ఆపి నా వంక చూశాడు. "ఎవరు?" అన్నాడు.

చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచి వచ్చేశాను తల్లీ. మర్నాడు పొద్దున్నే వీధి చివర వెల్డింగు కొట్టువాణ్ణి నేనే ఆఫీసుకి వెంటబెట్టుకెళ్ళాను. ఎవరి అనుమతీ అడగలేదు. అరగంట పట్టింది. వేడి తగ్గాక ఆ మెట్టు మీద నిలబడి చూశాను, గట్టిగానే ఉంది. అరగంట... ఇలా రా, ఈ చెవి మిషను తీసి పెట్టు, పొద్దుటి నుంచీ రొద పెడుతోంది.