తవ్విన చోట సున్నం గుర్తు

మొఘల్‌పురాలో నల్లా పైపుల లీకేజీ వెతికి ఇంటికొచ్చిన తండ్రికి చాయ్ ఇస్తూ కూతురు కన్నీళ్లు కనబడకుండా ముఖం తిప్పుకుంది.

"ఏమైంది బిడ్డా?"

"నాలుగేండ్ల రీసెర్చ్ పని పోయింది బాపు. అంతరిక్షంకెల్లి వచ్చే కిరణాలల్ల కొన్ని కణాలు ఎక్కువున్నయి. అవి కంటికి కనవడని డార్క్ మ్యాటర్‌కెల్లి పుడుతున్నయని నేనన్న. గదే నిజమైతే వాటితోని న్యూట్రినోలనే కణాలు గూడ రావాలె. మస్తు వెతికినం, రాలే."

"పైపు పగిలితే పక్క మన్ను తడవాలె గద."

"ఆ మన్నే పొడిగుంది బాపు."

"మేం తవ్వినకాడ లీకు లేకుంటే గుంత పూడ్చి సున్నంతోని గుర్తు పెడతం. ఎనకొచ్చేటోళ్లు మళ్ల ఆడనే తవ్వద్దని."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"మేం గూడ పెడతం బాపు. దాన్ని రీసెర్చ్ పేపర్ అంటరు."

"మరింకేం ఫికర్? నువ్వు గూడ చాయ్ తాగి సున్నం కలుపు."